మూడొందల ట్రాన్సిషన్ల మోజు

మనిషి తెలివితక్కువతనం మామూలుగా కంటికి కనపడదు. నాది కనపడుతుంది. అట్టపెట్టెలో, సీరియల్ నంబరుతో సహా, పుస్తకాల అలమర పై అరలో ఉంది. పెట్టె మీద మెరిసే అక్షరాల్లో హెచ్‌డీ అనీ, దాని కింద 300కు పైగా ట్రాన్సిషన్లు అనీ అచ్చేశారు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అది, ట్రాన్సిషన్లంటే సీను మారేటప్పుడు వేసే హంగులు. నన్ను కొనమన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. నా అంతట నేనే పరిశోధన చేసి, పోల్చి చూసి, రైలెక్కి వెళ్ళి మరీ తెచ్చుకున్నాను. కాబట్టి నెపం వెయ్యడానికైనా ఎవరూ దొరకరు.

2009 వైశాఖంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి, కాకినాడలో. వీడియో కుర్రాళ్ళు వచ్చి రేట్లు చెప్పారు. పెళ్ళి ఒక్కటే అయితే ఇంత, రిసెప్షన్ కలిస్తే ఇంత, ఆల్బమ్ కూడా వాళ్ళకే ఇస్తే ఇంకోలా. అన్నయ్య బేరం ఆడుతున్నాడు. నేను ఊరుకోవచ్చుగా? మధ్యలో దూరి, “వీడియో సంగతి నాకొదిలెయ్ అన్నయ్యా, ఇంట్లో హెచ్‌డీ కెమెరా పెట్టుకుని వాళ్ళకి ధారపొయ్యడం ఎందుకు?” అన్నాను. ఆ మాటలో పొదుపు పావలా వంతు, మిగతా ముప్పావలా గొప్పే. వచ్చిన కుర్రాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, నవ్వాపుకుని వెళ్ళిపోయారు. ఆ నవ్వు నాకు అర్థం కావడానికి శీతాకాలం దాకా పట్టింది.

కెమెరా మా తోడల్లుడి కొడుకు అమెరికా నుంచి తెచ్చాడు. “అక్కడ చవక బాబాయ్, ఇండియాలో ఇదే మోడల్ చాలా ఎక్కువ” అన్నాడు. అరచేతిలో ఇమిడిపోయే క్యామ్‌కార్డర్. టేపు లేదు, అంతా మెమరీ కార్డు మీదే. ఫుల్ హెచ్‌డీ, 1920 గుణకారం 1080. మా ఇంట్లో అప్పటికి డబ్బా టీవీయే ఉంది, దాని మీద ఈ ఫుల్ హెచ్‌డీని ఎలా చూస్తామన్న ఆలోచన నాకు రాలేదు. అసలు ఆ కెమెరా విషయంలో నాకు రాని ఆలోచనల జాబితా చాలా పెద్దది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర మాత్రం ఒళ్ళు వంచి పనిచేశాను. బ్యాంకులో చేసినవాణ్ణి కదా, పట్టిక గీయకుండా ఉండలేను. నోట్‌బుక్కులో అడ్డగీతలు, నిలువుగీతలు గీసి, ఒక పక్క సాఫ్ట్‌వేర్ల పేర్లు, పైన గుణగణాలు. ట్రాన్సిషన్లు ఎన్ని? టైటిళ్ళు ఎన్ని రకాలు? పాటలు కలపొచ్చా? పేజీ తిప్పినట్టు సీను మారుతుందా? గులాబీ రేకులు రాలతాయా? హృదయాకారంలో పెళ్ళికూతుర్ని పెట్టొచ్చా? మన పెళ్ళి వీడియోల్లో తామరపువ్వు విచ్చుకుని అందులోంచి వధూవరులు రావడం తప్పనిసరి కాబట్టి దానికి వేరే గడి. ఇన్ని గడుల్లో, నా కెమెరా రాసే ఫైలు ఇందులో తెరుచుకుంటుందా అనే గడి లేదు. హెచ్‌డీ కెమెరా ఉంది, హెచ్‌డీ సాఫ్ట్‌వేర్ ఉంది, రెండూ కలవకుండా ఎక్కడికి పోతాయి అనుకున్నాను.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మనవాళ్ళు సీటీసీ అంటారే అక్కడ, ఒక దుకాణంలో ఆ పెట్టె దొరికింది. దుకాణంలో కుర్రాడు మంచివాడు. “కెమెరా ఏది సార్?” అని అడిగాడు. “హెచ్‌డీ” అన్నాను ఛాతీ విరుచుకుని. “హెచ్‌డీ అంటే, టేపుదా సార్, కార్డుదా?” అన్నాడు. అక్కడ ఆగి “తేడా ఏంటి బాబూ?” అని ఒక్క ముక్క అడిగుంటే నా కథ వేరేలా ఉండేది. “అవన్నీ నాకు తెలుసులే గానీ, బిల్లు రాయి” అన్నాను. రాశాడు.

అతను అడిగిన ప్రశ్నలోనే సర్వం ఉంది. అప్పట్లో ఇళ్ళల్లో వాడే కెమెరాల్లో హెచ్‌డీ రెండు రకాలుగా వచ్చేది. 2003లో వచ్చిన హెచ్‌డీవీ పాత మినీ డీవీ టేపు మీదే ఎంపెగ్-2 పద్ధతిలో రికార్డు చేస్తుంది, ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. 2006లో సోనీ, ప్యానాసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ వేరు. అది హెచ్.264 పద్ధతిలో బొమ్మని బాగా నొక్కేసి కార్డు మీదో డిస్కు మీదో దాస్తుంది, ఫైలు పేరు చివర ఎంటీఎస్ అని ఉంటుంది. నా కెమెరా రెండోది. నేను కొన్న సాఫ్ట్‌వేర్ మొదటిదాని కోసం చేసింది. పెట్టె మీద అబద్ధం ఏమీ రాయలేదు. అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో ఏ ఫార్మాట్లు తీసుకుంటుందో వరసగా రాసే ఉంది. నేను పైన ఉన్న తామరపువ్వు బొమ్మ చూశాను.

పెళ్ళి బాగా జరిగింది. నేను చూడలేదు, తీశాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది: “ఆ డబ్బా కంటికి అంటించుకుని తిరిగారు గానీ, పిల్ల మొహం ఒక్కసారైనా నేరుగా చూశారా?” అని. ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, సాఫ్ట్‌వేర్ తెరిచి, ఫైలు ఎక్కించమన్నాను. ఈ రకం ఫైలు నాకు తెలియదు పొమ్మంది. ఇంకో ఫైలు ఇచ్చాను, అదే మాట. పేరు చివర ఉన్న ఎంటీఎస్ తీసేసి ఎంపీజీ అని మార్చి ఇచ్చాను. ఎవరికీ చెప్పకండి, నిజంగానే అలా చేశాను. పేరు మారిస్తే గోత్రం మారుతుందా? మారలేదు.

అప్పుడు మొదలైంది, ఫైళ్ళని వేరే రకంలోకి మార్చే కన్వర్టర్ల వేట. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవన్నీ దింపాను. ఒకదాంట్లో బొమ్మ వచ్చింది గానీ శబ్దం లేదు. సన్నాయి ఊదుతున్నారు, డోలు వాయిస్తున్నారు, పురోహితుడి పెదాలు కదులుతున్నాయి, అంతా మూగనోము. ఏవీసీహెచ్‌డీ కెమెరాలు చాలావరకు ధ్వనిని డాల్బీ పద్ధతిలో రాస్తాయి, దాన్ని విప్పాలంటే లైసెన్సు ఉన్న డీకోడర్ కావాలి. అందుకే ఆ రోజుల్లో కొన్ని ట్రయల్ సాఫ్ట్‌వేర్లలో బొమ్మ కనపడేది, ధ్వని వినపడేది కాదు. ఇది నాకప్పుడు తెలియదు. కెమెరా మైకు పాడైందనుకుని అమెరికాలో ఉన్న పిల్లాడికి అర్ధరాత్రి ఫోన్ చేసి “నువ్వు తెచ్చింది పనికిమాలిన సరుకురా” అని కేకలేశాను. వాడు పాపం “సారీ బాబాయ్” అన్నాడు. వాడికి నేను ఇంకా సారీ చెప్పలేదు.

ఇంకో కన్వర్టర్ ధ్వనితో సహా ఇచ్చింది, కానీ పెళ్ళికూతురి మొహానికి అడ్డంగా తన కంపెనీ పేరు రాసిపెట్టింది. డబ్బు కడితే తీసేస్తుందట. మూడోది బొమ్మనీ ధ్వనినీ రెండింటినీ ఇచ్చింది, అక్షరాలేవీ లేవు. నేను ఆనందంతో అన్నీ మార్చేశాను. మార్చాక తెలిసింది, అది ఫుల్ హెచ్‌డీని తీసుకుని 720 గుణకారం 576కి, అంటే మామూలు డీవీడీ సైజుకి కుదించేసిందని. సెట్టింగుల్లో మొదటి వరసలో ఏముంటే దానికే టిక్కు పెట్టాను మరి. అంత ఖరీదైన కెమెరాతో తీసి, పదేళ్ళ కిందటి కెమెరాతో తీసినట్టు చేసుకున్నాను.

అక్కడితో ఆగితే నా తెలివికి అవమానం కదా. ఆ సెట్టింగుల్లోనే ఫీల్డ్ ఆర్డర్ అని ఇంకోటి ఉంది. పైది ముందా, కిందది ముందా అని అడుగుతుంది. ఇంటర్లేస్డ్ వీడియోలో ఒక్కో ఫ్రేమునీ రెండు ముక్కలుగా, ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలుగా రాస్తారు. హెచ్‌డీలో పై గీతలు ముందు, పాత డీవీలో కింద గీతలు ముందు. ఇది తారుమారైతే కాలం వెనక్కీ ముందుకీ తూలుతుంది. నేను కళ్ళు మూసుకుని ‘కింద’ అన్నాను. తలంబ్రాల సీను చూడాలి మీరు. పెళ్ళికొడుకు దోసిలి ఎత్తి పోస్తాడు, ముత్యాలు కలిపిన పసుపు బియ్యం కిందికి జారి, ఉలిక్కిపడి కాస్త పైకి లేచి, మళ్ళీ జారి, మళ్ళీ లేచి, చివరికి ఎప్పటికో పెళ్ళికూతురి తల మీద పడతాయి. ఆ పిల్ల నవ్వు కూడా వణుకుతుంది. నా కళ్ళకి ఏమైనా అయిందేమోనని కళ్ళడాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. అద్దాలు మార్చమన్నాడు, మార్చాను. తలంబ్రాలు అలాగే పడుతున్నాయి.

ఈలోగా మా వదిన ఫోన్లు. “ఏం మరిదీ, సీడీ ఎప్పుడిస్తావు? వియ్యపురాలు ప్రతిసారీ అడుగుతోంది. పిల్లకి సీమంతం వచ్చేట్టుంది, అదీ ఇదీ కలిపి ఒకేసారి ఇస్తావా ఏమిటి?” ఎకసెక్కమే గానీ, కాదనడానికి నా దగ్గర మాట లేకపోయింది.

పరువు పోతోందని ఏవీసీహెచ్‌డీని నేరుగా తీసుకునే సాఫ్ట్‌వేర్ ట్రయల్ ఒకటి సంపాదించాను. ఫైలు తెరుచుకుంది! ఎగిరి గంతేశాను. ప్లే నొక్కితే బొమ్మ ఒక అడుగు వేసి ఆగుతోంది, ఇంకో అడుగు వేసి నిట్టూరుస్తోంది. నాది పెంటియం 4 కంప్యూటరు. సినిమాలు చూడ్డానికి బ్రహ్మాండంగా పనికొచ్చేది. దీనికేం రోగం అని తిట్టాను. రోగం దానిది కాదని చాలా తర్వాత, నా పాత ఉద్యోగం సాయంతో అర్థం చేసుకున్నాను. లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో ఒకే వివరం వరసగా వస్తుంటే మొదటి వరసలో పూర్తిగా రాసి, కింద డిటో, డిటో అని గుర్తులు పెట్టేవాళ్ళం. చోటు కలిసొచ్చేది. కానీ ఎవరైనా మధ్య వరస వేలితో చూపించి ఇదేంటి అంటే, పైకి ఎగబాకి అసలు వరస ఎక్కడుందో వెతుక్కోవాలి. ఏవీసీహెచ్‌డీ చేసేది అదే. సుమారు అర సెకనుకి ఒక ఫ్రేము పూర్తిగా రాస్తుంది, మధ్యలో ఉన్నవాటికి మారినది మాత్రమే రాస్తుంది. కొన్ని ఫ్రేములైతే వెనకదాన్నే కాదు, ముందు రాబోయేదాన్ని కూడా చూసి పోల్చుకోమంటాయి. పాత డీవీ టేపులో అలా కాదు, ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తిగా ఉండేది. అందుకే అది గంటకు 13 జీబీ తింటే, సెకనుకు 17 మెగాబిట్లతో రాసే నా హెచ్‌డీ కెమెరా 8 జీబీ లోపే సర్దేసేది. చిన్న ఫైలు కాబట్టి కంప్యూటర్‌కి తేలిక అనుకున్నాను. సరిగ్గా తలకిందులు. ఎంత బాగా నొక్కితే విప్పడానికి అంత చాకిరీ.

నా మూర్ఖత్వాల్లో మహారాజు లాంటిది ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే ఇప్పటికీ కాస్త సిగ్గు.

కార్డులో ఫైళ్ళు నేరుగా ఉండవు. ప్రైవేట్ అని ఒక ఫోల్డరు, దాంట్లో ఏవీసీహెచ్‌డీ, దాంట్లో బీడీఎంవీ, దాంట్లో స్ట్రీమ్. వీడియోలు ఆ స్ట్రీమ్‌లో ఉంటాయి. చుట్టుపక్కల క్లిప్‌ఇన్ఫ్, ప్లేలిస్ట్ అని ఇంకా ఏవేవో పిల్ల ఫోల్డర్లు, వాటిలో గుప్పెడు కేబీల ఫైళ్ళు. నాకు శుభ్రత ఎక్కువ. వీడియో ఉన్నది ఒక్కదాంట్లోనేగా, ఈ చెత్తంతా ఎందుకని స్ట్రీమ్ ఫోల్డరులో ఫైళ్ళు మాత్రం హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకుని, వాటికి వరసగా ‘పెళ్ళి 1’, ‘పెళ్ళి 2’ అని పేర్లు కూడా పెట్టి, కార్డు ఫార్మాట్ చేసి, దాని మీద మా మనవడి పుట్టినరోజు తీశాను.

ఆ చెత్తలోనే కిటుకంతా ఉంది. అప్పటి కార్డుల మీది ఫైల్ సిస్టమ్ ఒక ఫైలుకి 4 జీబీ కన్నా ఎక్కువ చోటివ్వదు. కొన్ని కెమెరాలు అంతకంటే ముందే, 2 జీబీ దగ్గరే ముక్క కోసేస్తాయి. నాదీ ఆ బాపతే. సుమారు 16 నిమిషాలకు ఒక ఫైలు మూసి ఇంకోటి తెరుస్తుంది. ఈ రెండు ముక్కలూ ఒకటేనని చెప్పే చిరునామా ఆ క్లిప్‌ఇన్ఫ్, ప్లేలిస్ట్ ఫైళ్ళలో ఉంటుంది. అవి ఉంటే తెలిసిన సాఫ్ట్‌వేర్ అతుకు కనపడకుండా కలిపేస్తుంది. లేకపోతే అతుకు దగ్గర కొన్ని ఫ్రేములు ఎగిరిపోతాయి, ధ్వని ‘టక్’ మని తెగుతుంది. జీలకర్రా బెల్లం నుంచి మూడుముళ్ళ దాకా నేను కెమెరా ఆపకుండా తీశాను, తెగకుండా ఉండాలనే తీశాను. రెండో ముడి వేస్తుండగా టక్ మంది. మంత్రం సగం మింగేసినట్టయింది.

చివరికి మా వీధి చివర మిక్సింగ్ యూనిట్‌కి వెళ్ళాను. పెళ్ళివీడియోల ఎడిటింగ్‌ని మనవైపు మిక్సింగ్ అంటారు. అక్కడున్నది, మొదట రేట్లు చెప్పడానికి వచ్చి నవ్వాపుకుని వెళ్ళిన కుర్రాళ్ళలో ఒకడు. ఈసారి నవ్వలేదు. నా హార్డ్ డిస్కు పెట్టుకుని రెండు ఫైళ్ళు చూసి, “ఇది అమెరికా కెమెరా అండి?” అన్నాడు.

“నీకెలా తెలుసు?”

“సెకనుకి 29 ఫ్రేముల చిల్లర ఉందండి. మనది 25. పైగా మండపంలో ట్యూబులైట్లు చూడండి, వెలుగు కొట్టుకుంటోంది.”

చూశాను. నిజమే. స్తంభాల వెనక తెల్లటి వెలుగు గుండెదడ వచ్చినట్టు అదురుతోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. అమెరికా కరెంటు 60. అక్కడి కెమెరా అక్కడి లెక్కకు తగ్గట్టు సెకనుకు అరవైసార్లు కన్ను తెరుస్తుంది. ఈ రెండు లెక్కలూ పొసగవు. “షట్టరు 1/100లో పెట్టుకుని తీసుంటే ఈ బాధ ఉండేది కాదండి” అన్నాడు ఆ కుర్రాడు, తప్పు పట్టినట్టు కాకుండా, వాతావరణం గురించి చెప్పినట్టు. అతనికి నా మనవడి కంటే ఓ పదేళ్ళు ఎక్కువుంటాయేమో.

అతని దగ్గరున్నది ఎడియస్. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోల మిక్సింగ్‌లో బాగా వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్. అతనూ నా ఫైళ్ళని నేరుగా కొయ్యలేదు. ముందు అన్నిటినీ కానోపస్ హెచ్‌క్యూ అనే మధ్యరకం ఫార్మాట్‌లోకి మార్చి, అప్పుడు టైమ్‌లైన్ ఎక్కించాడు. ఈ మధ్యరకం ఫార్మాట్లు డిటోలన్నీ తీసేసి ప్రతి ఫ్రేమునీ పూర్తిగా రాసిపెడతాయి. అవిడ్‌వాళ్ళ డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ, యాపిల్‌వాళ్ళ ప్రోరెస్ కూడా ఇలాంటివే. సెకనుకు 120 మెగాబిట్ల డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ అయితే గంటకు 54 జీబీ. హార్డ్ డిస్కు మింగేస్తుంది గానీ, కోసినచోట కోసినట్టు తెగుతుంది, పాత కంప్యూటరూ ఆయాసపడదు. “మీరు కొన్న సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలా మార్చుకుని చేసుకోవచ్చేమో అండి, చూడాల్సింది” అన్నాడు. నాకు అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగల్లేదు. మూడొందల ట్రాన్సిషన్లూ నా చేతికింద సిద్ధంగా ఉండి, నేను అడక్క, అవి చెప్పక, అలా ఉండిపోయాయి.

“ట్రాన్సిషన్లు ఏం పెడతావు?” అని ఆశగా అడిగాను.

“ఎక్కువ పెట్టమండి. కట్ మీద కట్టే బావుంటది. ఎక్కడన్నా ఒక డిజాల్వ్.”

తామరపువ్వు లేకుండానే డీవీడీ వచ్చింది. రెండో ముడి దగ్గర టక్ మన్నచోట సన్నాయి ధ్వని పైన కప్పి, పక్కన నిలబడ్డ మా వదిన కళ్ళు తుడుచుకునే షాటు ఒకటి వేశాడు. చూసినవాళ్ళందరూ అదే బాగుందన్నారు. దానికి నేనే కారణమని మాత్రం ఎక్కడా చెప్పలేదు, ఇదే మొదలు. అతను తీసుకున్నది న్యాయమైన డబ్బే. దానికి నా పెట్టె ఖరీదు, సికింద్రాబాద్ రైలు చార్జీ, కొత్త కళ్ళద్దాలు కలిపితే మొదట వీడియోవాళ్ళు అడిగిన రేటుని దాటిపోయింది. అన్నయ్యకి ఆ లెక్క చూపించలేదు.

ఆలస్యంగా చదివి తెలుసుకున్నదేమిటంటే, నేను తంటాలు పడుతున్న ఆ రోజుల్లోనే దారులు ఉన్నాయి. యాపిల్ ఐమూవీ 2007 నుంచే ఈ ఫైళ్ళని తీసుకుని తనకు కావలసినట్టు మార్చుకునేది. 2008లో వచ్చిన ప్రీమియర్ ప్రో సీఎస్4 నేరుగా తీసుకునేది. 2009 చివర్లో విండోస్ 7 వచ్చాక మీడియా ప్లేయర్‌లోనే ఎంటీఎస్ ఆడేది. ఇప్పుడైతే పైసా ఖర్చు లేకుండా షాట్‌కట్, కెడెన్‌లైవ్ లాంటివి ఆ పాత ఫైళ్ళని మారు మాట్లాడకుండా తెరుస్తాయి. ఏదైనా సరే, ముందు ట్రయల్ దింపి, మీ సొంత కెమెరా క్లిప్పు ఒక్కటి వేసి, కోసి, శబ్దం వస్తోందో లేదో విని, ఒక నిమిషం ముక్క బయటికి తీసి టీవీలో చూసుకోండి. అదేమీ పొద్దుగూకేదాకా పట్టే పని కాదు.

పాత క్యామ్‌కార్డర్ కార్డులు ఇంట్లో ఉన్నవాళ్ళు ఆ ప్రైవేట్ ఫోల్డరుని లోపలి చెత్తతో సహా ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి, పేర్లు మార్చకండి, రెండోచోట ఇంకో కాపీ ఉంచండి. మినీ డీవీ టేపులున్నవాళ్ళు అస్సలు ఆలస్యం చెయ్యకండి. ఆడే క్యామ్‌కార్డరూ, ఫైర్‌వైర్ పోర్టున్న కంప్యూటరూ రెండూ ఒకేచోట దొరకడం ఇప్పటికే కష్టంగా ఉంది.